ఆటోమేటిక్ జెన్‌కు మాన్యువల్ గేర్‌బాక్సు: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, ఫోటోలు చూశాను. బాడీకి తుప్పు లేదు, ఇంజను శబ్దం నున్నగా ఉంది, ఆటోమేటిక్ గేర్‌బాక్సు మాత్రం జారుతోంది, ఎక్కుడులో ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు అన్నావు. దాన్ని పీకేసి గేర్ల బండి చేసుకోవచ్చా అని అడిగావు. చేసుకోవచ్చు. మారుతీ జెన్ పెట్రోలు కారుకు 993 సీసీ ఇంజను ఒకటే, దానికి తగిలించిన గేర్ల పెట్టే వేరు. నీదానికి మూడు గేర్ల ఆటోమేటిక్, మామూలు జెన్‌కు అయిదు గేర్లు. అయితే గేర్‌బాక్సు ఒక్కటి కొనుక్కొచ్చి పని మొదలుపెట్టావో, బండి ఆర్నెల్లు షెడ్డులోనే ఉంటుంది. పెద్ద సామాను యాడైనా దొరుకుతుంది, పని ఆగేది చిల్లర సామాను దగ్గరే.

ముందు ఆటోమేటిక్ నిజంగా పోయిందా అని తేల్చుకో. ఆటోమేటిక్ ఆయిల్ మట్టం చూసే కర్ర తీసి తెల్లగుడ్డకు తుడువు. ఎర్రగానే ఉండి మట్టం తగ్గి ఉంటే ఆయిల్ నింపి, ఎక్కడ కారుతోందో చూడు. యాక్సిలరేటర్ వైపు నుంచి గేర్‌బాక్సుకు పోయే కేబుల్ సాగినా గేర్లు సరిగా పడవు, అది సర్దితే సరిపోవచ్చు. ఆయిల్ నల్లబడి మాడువాసన కొడుతుంటే లోపల ప్లేట్లు కాలిపోయినట్టే. అప్పుడు దానిమీద డబ్బు పోయడం దండగ.

ఇక సామాను. నా మాట వింటే గేర్‌బాక్సు కొనొద్దు, తుక్కుకు పోయే మాన్యువల్ జెన్ పెట్రోలు బండి ఒకటి మొత్తంగా మాట్లాడుకో. పాత సామాను అమ్మే చెన్నై పుదుపేటలో అయినా సరే, చిత్తూరు చుట్టుపక్కల అయినా సరే, విప్పకముందు బండి కళ్లతో చూడాలి. అంగట్లో విడివిడిగా కొంటే ఒక బ్రాకెట్ తక్కువపడుతుంది, దానికోసం మళ్లీ బస్సెక్కాలి. జెన్ డీజిల్ నుంచి ఏదీ తీసుకోవద్దు, దాని ఇంజను ప్యూజోది. ‘జెన్ ఎస్టిలో’ అనే కారు పేరులో జెన్ ఉన్నా దాని ఇంజను వేరే, వ్యాగన్ఆర్ కుటుంబం. ‘అన్నీ మారుతీనే కదా సార్, పట్టేస్తుంది’ అనేవాడి దగ్గర కొనొద్దు.

ఆ బండి నుంచి తీయాల్సినవి చెబుతా, రాసిపెట్టుకో. గేర్‌బాక్సు, దాని రెండు యాక్సిల్ షాఫ్టులు, ఫ్లైవీల్ (ఇంజను చివర తిరిగే బరువైన చక్రం), ఫ్లైవీల్ బోల్టులు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ ఫోర్కు, సెల్ఫ్ మోటారు, గేర్‌బాక్సు మౌంటింగులు బ్రాకెట్లతో సహా, పెడల్ సెట్టు మొత్తం, క్లచ్ కేబుల్, గేర్ లివరు, కింద పోయే రెండు రాడ్లు, స్పీడోమీటర్ కేబులూ దాని చిన్న పళ్లచక్రమూ, రివర్స్ లైటు స్విచ్చు దాని వైరుతో. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్సు ఇంజనుకు ఆనే గంట ఆకారపు తొడుగు) బోల్టులు ఏ రంధ్రంలోవి ఆ వరసలోనే అట్టముక్కకు గుచ్చి పెట్టుకో, పొడవులు ఒకటిగా ఉండవు. క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, క్రాంక్ వెనకవైపు ఆయిల్ సీల్, యాక్సిల్ సీళ్లు, గేర్ రాడ్ల నైలాన్ బుష్షులు మాత్రం కొత్తవే వేయి. క్లచ్ కేబుల్ కూడా కొత్తదయితే మంచిది. ఇవి ఖరీదైనవి కావు, కానీ వీటిలో ఒకటి పోతే గేర్‌బాక్సు మళ్లీ దించాలి.

దించేటప్పుడు హబ్ నట్లు చక్రం నేలమీద ఉండగానే వదులుచేయి. ముందుచక్రాలు లాగే బండి కదా, గేర్‌బాక్సు దిగితే ఇంజనుకు ఒకవైపు ఆధారం ఉండదు. పైన అడ్డంగా కడ్డీ వేసి గొలుసుతో ఇంజను వేలాడదీయాలి, సంపు (ఇంజను అడుగు ఆయిల్ తొట్టి) కింద జాకీ పెడితే సంపు నొక్కుకుపోతుంది. టార్క్ కన్వర్టర్‌ను (ఆటోమేటిక్‌లో క్లచ్ పని చేసే ఆయిల్ డబ్బా) ఫ్లెక్స్ ప్లేటు (ఆటోమేటిక్‌లో ఫ్లైవీల్ బదులు ఉండే పలచటి పళ్లెం) నుంచి విప్పి, గేర్‌బాక్సుతో పాటే బయటికి రానివ్వు. ఒక మనిషి దాన్ని చేత్తో పట్టుకోవాలి. జారి పడితే కాలు పోతుంది, లోపలి ఆయిల్ అంతా నేలపాలు.

ఇప్పుడు ఫ్లైవీల్. పని బాగా వచ్చేదీ చెడేదీ ఇక్కడే. క్లచ్ ప్లేటు ఆనే ముఖం మీద నీలం మచ్చలు, వేడికి వచ్చిన సన్నని పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో వాల్చి చూడు. వేలిగోరుకు తగిలే గీతలుంటే లేత్‌లో ఫేసింగ్ పట్టించు, లోతు పగులుంటే పారేసి ఇంకోటి చూసుకో. ఫ్లైవీల్ అంచు రింగు పళ్లు అరిగాయా చూడు. ఫ్లైవీల్ మధ్యలో పైలట్ బేరింగు ఉంటే మార్చు. క్రాంక్ సీల్ మార్చాక మాత్రమే ఫ్లైవీల్ ఎక్కించు. ఫ్లెక్స్ ప్లేటు బోల్టులు ఫ్లైవీలుకు వాడకు, దాని మందం వేరు, బోల్టు పొడవు వేరు. ఫ్లెక్స్ ప్లేటు వెనక స్పేసరు ఏదైనా ఉంటే అది కూడా తీసేయాలి, మరిచిపోతే బండి వణుకుతుంది. బోల్టులు ఎదురెదురుగా బిగించుకుంటూ చివర్న టార్క్ రెంచితో (బిగింపు కొలిచే పానా) సర్వీసు పుస్తకంలో ఉన్న లెక్కకు తేవాలి. ‘చెయ్యి అలవాటు సార్’ అంటే ఒప్పుకోవద్దు.

ఫ్లైవీల్ ముఖాన్ని థిన్నర్‌తో తుడిచాక వేలితో కూడా తాకకు. క్లచ్ ప్లేటులో ఉబ్బెత్తుగా ఉన్న స్ప్రింగుల వైపు గేర్‌బాక్సు వైపుకు రావాలి. తిరగేసి బిగిస్తే పెడల్ ఎంత తొక్కినా గేరు పడదు. ప్లేటును నడిమికి తేవడానికి గైడు దొరకకపోతే పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్క చాలు. స్ప్లైన్ (షాఫ్టు మీది గాడులు) మీద గ్రీజు పొరలాగా రాయి, ఎక్కువైతే ఎగిరి ప్లేటుకు అంటి క్లచ్ దడదడలాడుతుంది.

గేర్‌బాక్సు ఎక్కించేటప్పుడు దాని బరువు ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడకూడదు, ప్లేటు హబ్ వంగిపోతుంది. జాకీ మీద సమంగా ఉంచి, డోవెల్ పిన్నులు (రెండింటినీ సరిగా కూర్చే మేకులు) వాటి చోట ఉన్నాయని చూసి, చేత్తో ఊపుతూ తోస్తే పోవాలి. సందు మిగిలితే బోల్టులతో లాగి దగ్గరికి తేవాలని చూడకు, హౌసింగ్ చెవులు విరుగుతాయి. బయటికి లాగి, ప్లేటు నడిమిలో ఉందా అని మళ్లీ చూడు.

పెడల్ సెట్టు విషయంలో ఓపిక పట్టు. ఆటోమేటిక్ బ్రేకు పెడల్ వెడల్పుగా ఉంటుంది, అది తీసి మాన్యువల్‌ది వేయాలి. ఇంజను గదికీ లోపలికీ మధ్య రేకులో క్లచ్ కేబుల్ పోయే చోట రబ్బరు బిళ్ల ఉందేమో చూడు. లేకపోతే తెచ్చిన బండి కొలత తీసుకుని రంధ్రం చెయ్యి, అంచుకు రబ్బరు వాషరు వేయి, లేదంటే కేబుల్ కోసుకుపోతుంది. కేబుల్ సర్దేటప్పుడు క్లచ్ రిలీజ్ లివరు దగ్గర 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచు. ఖాళీ లేకపోతే బేరింగు ఎప్పుడూ తిరుగుతూనే ఉండి అరుగుతుంది, మరీ ఎక్కువైతే రివర్స్‌కు గరగరమంటుంది.

గేర్ ఆయిల్ 75డబ్ల్యూ-90, జీఎల్-4 రకం. జీఎల్-5 ఒద్దు, అందులోని రసాయనాలు గేర్లు నున్నగా పడేలా చేసే పాత సింక్రో రింగుల ఇత్తడికి మంచివి కావు. మూడు లీటర్లు తెచ్చుకో, బండి మట్టంగా నిలబెట్టి పక్క ప్లగ్గు రంధ్రం నుంచి కారేదాకా పోయి. మిగిలితే మిగులుతుంది.

వైరింగ్ దగ్గర మెకానిక్‌లు తొందరపడతారు. ఆటోమేటిక్‌లో పీ (పార్కింగ్), ఎన్ (న్యూట్రల్) ఉంటేనే సెల్ఫ్ తిరిగేలా గేర్‌బాక్సు మీద స్విచ్చు ఉంటుంది. అది పోయాక బండి స్టార్ట్ కాదు. ఆ రెండు వైర్లూ మెలితిప్పి టేపు చుట్టడం కాదు, టంకం వేసి గొట్టం తొడిగించు. ఇంకా మంచిది, ఆ దారిని క్లచ్ పెడల్ స్విచ్చు మీదుగా పంపు. నేరుగా కలిపేస్తే గేరులో ఉండగా తాళం తిప్పితే బండి ముందుకు దూకుతుంది. ఇంట్లో అమ్మాయి కూడా నడుపుతుందన్నావు కాబట్టి స్విచ్చు పెట్టించాలి. రివర్స్ లైటు వైర్లు కూడా పాత స్విచ్చులోంచే పోతాయి, వాటిని కొత్త దానికి కలపాలి. నీది ఎంపీఎఫ్ఐ (కార్బురేటరు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) బండి అయితే ఇంజను కంప్యూటర్‌కు న్యూట్రల్ సంకేతం అందాలి, లేకపోతే ఐడిలింగ్ (బండి నిలిచి ఉండగా ఇంజను తిరగడం) సరిగా ఉండదు. మాన్యువల్ బండి కంప్యూటర్ కూడా తెచ్చుకుంటే ఈ గొడవ ఉండదు.

రేడియేటర్ మార్చక్కర్లేదు. కింది ట్యాంకులో ఆటోమేటిక్ ఆయిల్ చల్లబరిచే గొట్టం నీళ్లతో కలవదు, రెండు మూతులకు మూతలు పెట్టు. థ్రాటిల్‌కు తగిలించిన ఆటోమేటిక్ కేబుల్ తీసేశాక థ్రాటిల్ అడ్డంకి లేకుండా వెనక్కి వస్తోందా చూడు.

మొదటి అయిదు వందల కిలోమీటర్లు తిరుమల కొండకు పోవద్దు. చంద్రగిరి, రేణిగుంట వైపు చదునులో తిప్పు. అలిపిరి టోల్‌గేటు దగ్గర వరసలో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టావంటే కొత్త ప్లేటు మాడిపోతుంది. ఆ తరవాత 1974లో తెరిచిన కొత్త ఘాట్‌లో ఎక్కి, 1944 నాటి పాత ఘాట్‌లో దిగేటప్పుడు రెండో గేరు, మూడో గేరులోనే ఉంచు. ఇక పీ అనేది లేదు. హ్యాండ్ బ్రేక్ ముందే బిగించి, వాలులో నిలిపితే మొదటి గేరులోగానీ రివర్స్‌లోగానీ వదిలి రాయి పెట్టు.

కాగితాల విషయం చివరికి రాస్తున్నానని చివర్న చేయొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. నీ ఆర్సీలో మోడల్ దగ్గర ఆటోమేటిక్ రకం పేరుంటే, పానా పట్టకముందే తిరుపతి ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్లకోసారి రెన్యువల్ కాబట్టి, అధికారి బండిని చూస్తాడు. ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పి కాగితం తీసుకో.

తెచ్చిన ఫ్లైవీల్ కడిగి, రెండు ముఖాల ఫోటోలు పంపు. లేత్‌కు ఇవ్వాలా వద్దా అన్నది చూసి చెబుతాను.

మీ మామయ్య