బుజ్జమ్మకి, మా రేడియో స్టేషన్ చరిత్ర రాస్తానన్నావట గదా

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది, ఉద్యోగానికి ఆర్నెల్లు సెలవు పెట్టి మావయ్య పని చేసిన స్టేషన్ చరిత్ర రాస్తానంటోంది, నువ్వే చెప్పు అన్నయ్యా అని. సర్దిచెప్పి పెట్టేశాను గానీ తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. భయమే, కాదనను. కానీ మా గురించి కూడా అడిగేవాళ్ళు పుట్టారే అని లోపల ఒకటే సంబరం. ఏళ్ళకేళ్ళు క్యాజువల్ అనౌన్సర్ గానే ఉండిపోయినవాణ్ణి, పర్మనెంట్ కాలేదు, పెన్షన్ లేదు, ఈ కథ కోసం నువ్వు జీతం వదులుకుంటావా? తిక్క కాకపోతే!

సరే, మామూలువి చెప్పేస్తా. ఫోన్ కాకుండా మంచి రికార్డర్ కొనుక్కో, ప్రతి ఫైలూ రెండు చోట్ల దాచు, ఎవరింటికి వెళ్ళినా భోజనాల వేళకి వెళ్ళకు.

నువ్వు 1967 నుంచి మొదలుపెడతావని నాకు తెలుసు. ఆ ఏడు నవంబర్ 1న బొంబాయి, పుణె, నాగపూర్ లలో వివిధ భారతిలో ప్రకటనలు మొదలయ్యాయి, అందరూ అక్కణ్ణుంచే రాస్తారు. ఇంకా వెనక్కి వెళ్ళు. కేస్కర్ గారు సమాచార మంత్రిగా ఉన్నప్పుడు ఆకాశవాణిలో సినిమా పాటలకి చోటు లేకుండా చేశారు, జనం ఊరుకుంటారా, ముల్లు తిప్పి శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ పట్టుకున్నారు. 1952లో అక్కడ బినాకా గీత్ మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలైంది, అమీన్ సయానీ గొంతు, టూత్ పేస్ట్ కంపెనీ డబ్బులు. మన ఇళ్ళల్లో అయితే సిలోన్ నుంచి తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గారి గొంతు కోసం మా నాన్న రేడియో నెత్తి మీద చరిచి చరిచి స్టేషన్ పట్టేవాడు. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పెట్టింది ఆ జనాన్ని వెనక్కి తెచ్చుకోడానికే. ఇది రాయకపోతే ప్రభుత్వ రేడియోలో సబ్బుల ప్రకటనలు ఎందుకొచ్చాయో చదివేవాడికి అర్థం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు ఇది.

మా రోజుల్లో కోరిన పాటల కార్యక్రమానికి కార్డులు వచ్చేవి, పదిహేను పైసల పసుపు కార్డులు, గోనెసంచుల్లో. రేపల్లె నుంచి ఒకటి, సాలూరు నుంచి ఒకటి, మధిర నుంచి పన్నెండు మంది పేర్లు కలిపి ఒకే కార్డు మీద, చివర్లో "మరియు బాబి, చిట్టి". కొంతమంది స్కెచ్ పెన్నుతో పువ్వులేసేవాళ్ళు. పాటకి ముందు ఆ పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చదివేవాణ్ణి, చదివిన కార్డు సంచిలో పడేసేవాణ్ణి. ఒకసారి గదికి సున్నాలు వేస్తున్నారని సంచులు తీసేయమన్నారు. ఎక్కడ పెట్టాలని అడగొచ్చు కదా నేను, అడగలేదు. చిత్తు కాగితాల వాణ్ణి పిలిచి నేనే తూకం వేయించి అమ్మేశాను, ఆ డబ్బులతో అందరికీ మిరపకాయ బజ్జీలు, టీ. హీరో అయిపోయా ఆ సాయంత్రం.

పది రోజుల తర్వాత పార్కు గేటు దగ్గర మురీ మిక్చర్ తింటున్నా. చెంచా బదులు అట్టముక్క ఇస్తాడు చూడు, అది మడిచి ఉంటే ఊరికే విప్పాను. పసుపు కార్డు ముక్క. నీలం ఇంకుతో "గౌరవనీయులైన అనౌన్సర్ గా" అని ఉంది, "రు" బండివాడి కత్తెరకి పోయింది. నూనె అంటి అక్షరాలు ఉబ్బాయి. బండి మీద డబ్బాలో ఇంకా చాలా ముక్కలున్నాయి. కొనుక్కోవచ్చు కదా, అదీ చెయ్యలేదు, సిగ్గేసి వచ్చేశాను.

అప్పుడు సిగ్గు ఒక్కటే, ఏం పోయిందో తెలీదు. తర్వాత తెలిసింది. ఏ స్పాట్, అంటే ప్రకటన, ఎన్ని సెకన్లు పడిందో లాగ్ బుక్ లో ఉంటుంది, ఎందుకంటే దానికి బిల్లు వేస్తారు. మా మాటలకి బిల్లు లేదు కాబట్టి ఎక్కడా లేవు, స్పూళ్ళు, అవే టేపు చుట్టలు, చెరిపి మళ్ళీ వాడేసేవాళ్ళం. విన్నది ఎవరో చెప్పేవి ఆ కార్డులొక్కటే, వాటికి బజ్జీలు తినేశాం. అందుకే మొత్తుకుంటున్నా, కాగితాలు తర్వాత వెతుక్కోవచ్చు, ముందు మనుషుల దగ్గరికి వెళ్ళు. ఆఫీసర్ల దగ్గరికి కాదు, వాళ్ళు వాళ్ళ గురించే చెప్తారు. ఏది ఎప్పుడు పడాలో క్యూ షీట్లు రాసినవాళ్ళు, టేపులు అతికించినవాళ్ళు, స్పాట్లు అమ్మిన ఏజెన్సీ వాళ్ళు. అందరూ డెబ్బై దాటినవాళ్ళే, వచ్చే నెల వెళ్దాంలే అనుకోకు.

ప్రైవేట్ ఎఫ్ఎంల గురించి కూడా ఒక అధ్యాయం పెడతావుగా. 2001 జూలైలో బెంగళూరులో మొదటిది వచ్చింది, కానీ లైసెన్స్ ఫీజు ఏటా 15 శాతం పెరిగే లెక్క కావడంతో చాలామంది చేతులెత్తేశారు, 2005లో ఆదాయంలో 4 శాతం అని మార్చాకే మన హైదరాబాద్ లో ఆ గోలంతా. వాటి సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, నీ కాలేజీ చదువంతా ఇయర్ ఫోన్స్ లోనే గడిచింది.

ఇంకోటి, ఇంటర్వ్యూలు ఆడియోగా నెట్ లో పెడతానన్నావట, మధ్యలో పాటలు పెట్టకు తల్లీ. ముప్పై సెకన్లయితే పర్లేదనేది ఎవడో పుట్టించిన మాట. హక్కుదారు ఒప్పుకోకపోయినా రుసుం కట్టి పాట వేసుకోవచ్చని రేడియోకి చట్టంలో ఇచ్చిన లైసెన్స్ వెసులుబాటు ఇంటర్నెట్ కి వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు చెప్పింది కూడా. నోటీసు వస్తే మీ అమ్మ నన్ను చంపుతుంది.

ముందు ఎవరిని రికార్డ్ చెయ్యాలి అంటావా? మీ అమ్మనే. అప్పట్లో నా షిఫ్ట్ చూసుకుని వారం వారం కార్డు రాసేది, తన పేరు చదవమని. సొంత చెల్లెలి పేరు చదివితే ఎవరేమంటారో అని ఒక్కసారి కూడా చదవలేదు నేను. ఆ కార్డులూ ఆ సంచుల్లోనే ఉన్నాయి. ఏ పాటలు అడిగేదో నాకు గుర్తు లేదు, దానికి ఉంటుంది, అడుగు. తిడితే తిట్టనీ, రికార్డర్ ఆపకు.

నా దగ్గరికి ఆదివారం పొద్దున రా, మధ్యాహ్నం అయితే కునుకు పట్టేస్తుంది. అత్తయ్య పెసరట్టు వేస్తానంటోంది.

మీ మావయ్య