పగటికల అని నువ్వు రాయకు

తమ్ముడూ,

నీ కథ రాత్రి చదివి పడుకున్నా, పొద్దున లేచి మళ్ళీ చదివా, రెండోసారి కోపం వచ్చింది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. కథ బాలేదని కాదు, బానే ఉంది. నీ గుమస్తా ఫైళ్ళ ముందు కూర్చుని ఉద్యోగం మానేసి పెద్ద గాయకుడైపోయినట్టు ఊహించుకుంటాడు చూడు, ఆ ఊహ మొదలైన ప్రతిచోటా నువ్వు "అతను పగటికల కంటున్నాడు" అని రాసి పెట్టావు, అయిపోగానే "మళ్ళీ ఈ లోకంలోకి వచ్చాడు" అని ఇంకో వాక్యం తగిలించావు. నా కోపమంతా ఆ రెండు వాక్యాల మీదే.

పగటికల అనేది పక్కనుండి చూసేవాడి మాటయ్యా. పగటికలలు మానుకో అని నాన్న అంటాడు, మాస్టారు అంటారు, ఎన్నికలొస్తే ఒక పార్టీ వాళ్ళు ఇంకో పార్టీ వాళ్ళని అంటారు. ఎవరన్నా సరే ఆ మాటలో "నీ వల్ల కాదులే" అన్న తీర్పు ఉంటుంది. దివాస్వప్నం అని సంస్కృతంలో చెప్పినా అంతే. లోపలున్నవాడికి మాత్రం అది కలలా ఉండదు, ఒక పని చేస్తున్నట్టే ఉంటుంది. నువ్వు గుమస్తా తలలో కూర్చుని కథ చెప్తూ ఆ మాట వాడావంటే, ఆ క్షణంలో అతన్ని వదిలేసి మేనేజర్ పక్కకెళ్ళి నిలబడ్డావన్నమాట.

పోనీ మనకి వేరే మాటలు లేవా అంటే బోలెడున్నాయి, ఒక్కోటి ఒక్కో రకం మనిషిని చూపిస్తుంది. పరధ్యానం తీసుకో, అందులో ధ్యానం ఉంది, అంటే మనసు ఖాళీగా లేదు, ఇంకోదాని మీద గట్టిగా నిలబడింది, అన్యమనస్కం అన్నా అదే కానీ అది పుస్తకాల్లోనే బతుకుతోంది. పరాకులో ఆ ఇంకోటి కూడా ఉండదు, ఉత్త అశ్రద్ధే. ఏమరుపాటు అన్నావంటే ఏదో ప్రమాదం కాచుక్కూర్చున్నట్టే, జేబు పోయేది ఏమరుపాటులోనే. మైమరపు అంటే సంతోషం, వాడికి ఒళ్ళు తెలీట్లేదు. నీ కథ నాలుగో పేజీలో అమ్మ జబ్బు గురించి అతని మనసు ఎక్కడికో పోతుంది, దానికీ పగటికల అనే రాశావు! అది బెంగ. జరగబోయే చెడుని ముందే చూస్తూ కూర్చోడాన్ని తెలుగులో ఎవరూ కల అనరు.

క్రియలు కూడా చూసుకో. కలలు కంటాం, ఊహల్లో తేలిపోతాం, గాల్లో మేడలు కడతాం, ఆలోచనలో పడతాం. తేలేవాడు ఏమీ చెయ్యట్లేదు, కట్టేవాడు చెమటోడుస్తున్నాడు, పడ్డవాడు తను అనుకుని పడలేదు. నీ గుమస్తా ఏ రకం? నన్నడిగితే కట్టేరకం, ఎందుకంటే కచేరీలో ఏ పాట తర్వాత ఏ పాటో కూడా వరస వేసుకుంటాడు. వేదాంతులు దీన్నే మనోరాజ్యం అన్నారు, 14వ శతాబ్దంలో విద్యారణ్యుడు పంచదశి అనే వేదాంత గ్రంథంలో దాన్ని ఎలా జయించాలో కూడా చెప్పాడు. సాధకుడు జయించాల్సిందే కావచ్చు, నువ్వు మాత్రం ఆ రాజ్యంలో కాపురం ఉండాలి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వేవాళ్ళని నవ్వనీ. పంచతంత్రంలో పిండికుండ బ్రాహ్మణుడు పుట్టని కొడుక్కి సోమశర్మ అని పేరు పెట్టి, ఊహలో తన్నిన తన్నుకి నిజం కుండ పగలగొట్టుకుంటాడు కదా, ఆ కథ అన్ని శతాబ్దాలు నిలబడింది ఆ ఊహలో మేకలూ ఆవులూ ఇల్లూ పెళ్ళీ ఒకదాని వెనక ఒకటి వివరంగా ఉండబట్టే.

నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో ఒక వారపత్రికకి కథ పంపాను, అందులో ఒకావిడ కిటికీ దగ్గర నిలబడి, వదిలేసిన చదువు మళ్ళీ చదువుతుంది, అంతే, ఊహ అని ఎక్కడా చెప్పలేదు. అచ్చులో చూస్తే పైన "ఆమె పగటికలల్లో తేలిపోయింది" అని ఎడిటర్ గారు తన సొంత వాక్యం చేర్చారు. అడిగితే పాఠకుడికి అర్థం కాదన్నారు. పాఠకులకి బాగానే అర్థమైంది, ఆవిడ తెలివితక్కువదని! ఒక్క వాక్యంతో నా మనిషిని అందరి ముందు చులకన చేశారు, ఇన్నేళ్ళైనా నాకది మింగుడుపడలేదు. ఆ కాలం సీరియళ్ళన్నీ అలాగే ఉండేవి, ఆమె ఆలోచనలు గతంలోకి పరుగులు తీశాయి అని ఒక చుక్కల గీత, గతం నెమరేసుకోవడం వేరు ఎన్నడూ జరగనిది ఊహించడం వేరు అన్న తేడా కూడా లేదు. ఇప్పుడేమో ప్రతి పుస్తక పరిచయంలో స్వాప్నికుడు, స్వాప్నికత, ఆ మాటల్లో మనిషే కనపడడు నాకు.

మరి చెప్పకుండా ఎలా చెప్పాలంటావా, తెలుగు క్రియే నీకు దారిస్తుంది. "వెళ్తాడు" అంటే రోజూ వెళ్తాడనీ అవుతుంది, రేపు వెళ్తాడనీ అవుతుంది. దాన్ని వాడుకో. ఫైలు మూశాడు. లేచి మేనేజర్ గదిలోకి వెళ్తాడు. రాజీనామా కాగితం బల్ల మీద పెడతాడు. మేనేజర్ లేచి నిలబడతాడు, కుర్చీ చూపిస్తాడు. "ఏంటి సార్, ఇంకా సంతకం పెట్టలేదా?" చూడు, మూశాడు నుంచి వెళ్తాడుకి మారినప్పుడే ఊహలోకి అడుగు పడింది, పక్కసీటు వాడి మాటతో బయటికొచ్చాం, ఎవరూ తప్పిపోలేదు.

ఇంకోటి, మనసు లోతుల్ని పరిశోధించిన ఫ్రాయిడ్ 1908లో రచయితల గురించీ పగటికలల గురించీ ఒక వ్యాసం అచ్చేశాడు, మనుషులు తమ ఊహలు చెప్పుకోడానికి సిగ్గుపడతారనీ, ఉన్నదున్నట్టు చెప్తే వినేవాళ్ళకి వెగటనీ, రచయిత దాన్ని మెత్తబరిచి అందంగా చేసి ఇస్తాడనీ అందులో ఉంది. నీవాడు ప్రతి ఊహలోనూ గెలుస్తాడు, చప్పట్లే చప్పట్లు. ఒక ఊహలో గొంతు పట్టెయ్యనీ, పాడుతుండగా చొక్కా చంకలో చిరిగిందని గుర్తుకు రానీ. 2010లో "సైన్స్" అనే పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో సుమారు 2,250 మందిని ఫోన్లలో అప్పుడప్పుడూ అడిగి చూస్తే 46.9 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు, పైగా పోయిన చోటల్లా హాయిగానూ లేదు. దాదాపు సగం మెలకువ అయ్యా ఇది, దానికి ఒక్క మాట అంటించి దాటిపోతావా?

నీ కథలో గుమస్తా వాళ్ళమ్మ "ఏ లోకంలో ఉన్నావురా" అని రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవకుండా కంచం తీసేస్తుంది చూడు, అక్కడ ఒక్క అక్షరం ముట్టుకోకు. మిగతా ఊహలన్నీ మళ్ళీ రాసి పంపు, కథ పేరు సంగతి అప్పుడు చూద్దాం.