ఓడినవాళ్ళను ఎలా చూపించారో చూడు

చి॥ సింధుకు,

మామయ్య ఆశీస్సులు. నీ చదువు ఎలా సాగుతోందో అడగమని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నువ్వేమో బ్లూ లాక్ అనే ఫుట్‌బాల్ యానిమే (జపాన్ బొమ్మల సిరీస్) రెండో సీజన్ సగంలో ఆపేశాననీ, ఇక ఆటల యానిమేలూ ఫైటింగ్ యానిమేలూ చూడబుద్ధి కావట్లేదనీ మెసేజ్ పెట్టావు. చదువు సంగతి మీ అమ్మా నువ్వూ తేల్చుకోండి. ఈ రెండోదాని గురించి మాత్రం నేను రాయాల్సిందే. పగలు హైస్కూల్లో పిల్లల చేత వాలీబాల్ ఆడించి, రాత్రి అన్నం తిన్నాక యానిమే పెట్టుకుని కూర్చునే పీఈటీ మాస్టారు మన చుట్టాల్లో నేనొక్కణ్ణే కదా.

ఈ కథల్లో ఎవరు గెలుస్తారో తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పోస్టర్ మధ్యలో నిలబడ్డవాడే గెలుస్తాడు. ఇవాళ ఓడినా చివరికి వాడే గెలుస్తాడు. కాబట్టి కొత్త సిరీస్ మొదలుపెట్టినప్పుడు హీరోని కాస్త పక్కన పెట్టి, ఓడిపోయినవాణ్ణి గమనించు. ఓడాక వాడికి ఏం జరిగింది? కెమెరా వాడి దగ్గర ఒక్క నిమిషమైనా ఆగిందా? రెండు ఎపిసోడ్ల తర్వాత వాడి పేరు నీకు గుర్తుందా? గుర్తుంటే ఆ సిరీస్ చూడు, లేకపోతే ఎంత మెరుపులున్నా త్వరలోనే విసుగొస్తుంది.

వాలీబాల్ కథ హైక్యూ మొదటి సీజన్ నువ్వు చూశావు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. హైస్కూళ్ళ మధ్య జరిగే ఇంటర్ హై పోటీల్లో, హీరోల స్కూలు కరసునో తొలి మ్యాచ్ తొకోనామి అనే స్కూల్‌తో. ఆ జట్టులో ఇకెజిరి అని ఒకడుంటాడు, కరసునో కెప్టెన్ దైచికి చిన్నప్పటి స్నేహితుడు. ఆ మ్యాచ్‌తో వాడి కథ అయిపోతుంది. ఇంకెవరైనా అయితే స్కోరు చూపించి ముందుకెళ్ళిపోయేవాళ్ళు. ఇక్కడ మాత్రం ఆ రోజు ఓడిన జట్లన్నిటినీ వరసగా చూపిస్తారు. మేమూ వాలీబాల్ ఆడాం అని ఇకెజిరి మనసులో అనుకునే చోట నాకు మా స్కూలు పిల్లలే కనిపిస్తారు. మండల స్థాయి పోటీల్లో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయి, మధ్యాహ్నానికల్లా ఆటో ఎక్కే పిల్లలే ఎక్కడైనా ఎక్కువ. వాళ్ళ గురించి ఒక్క ఎపిసోడ్ తీసినవాళ్ళకు ఆట తెలుసని నాకు నమ్మకం కుదిరింది. ఆ తర్వాత అఓబా జొహ్‌సై అనే జట్టు చేతిలో కరసునోనే ఓడిపోతే, కోచ్ ఉకాయ్ ఉపన్యాసం ఇవ్వడు, తీసుకెళ్ళి అన్నం పెట్టిస్తాడు. పిల్లలు ఏడుస్తూ తింటారు. అలసిన కండరాలకు తిండి కావాలని ఆయన చెప్పేది అక్షరాలా నిజం.

మూడో సీజన్ (2016) నువ్వింకా చూడలేదన్నావు. పది ఎపిసోడ్లూ ఒక్క మ్యాచే, షిరతొరిజవా జట్టుతో అయిదు సెట్లు. భయపడకు, సాగదీతలా అనిపించదు. వాళ్ళ ముఖ్య ఆటగాడు ఉషిజిమా ఎడమచేత్తో కొడతాడు. ఎడమచేతి దెబ్బకు బంతి తిరిగే దిశ మారిపోతుంది కాబట్టి, చేతులు అలవాటైన చోటే పెట్టినా బంతి పక్కకు పోతుంది. బంతిని కిందపడకుండా అందుకోవడమే పనిగా ఉన్న లిబరో, ఇంత మంచి ఆటగాడు నిషినోయాకే అది అందుకోవడానికి మూడు ప్రయత్నాలు పడతాయి. మొదటి రెండుసార్లూ ఎందుకు తప్పిందో మనకు అర్థమైంది కాబట్టే మూడోసారి ఆనందం. రెండో సీజన్ శిక్షణ శిబిరంలో బొకుతో అనే వేరే జట్టు ఆటగాడు చెప్పిన మాట ఒకటి కరసునో ఆటగాడు త్సుకిషిమాలో నాని నాని ఇక్కడ పండుతుంది. అది నువ్వే చూడు. ఇంతా అయ్యాక ఓడిన షిరతొరిజవా వాళ్ళు స్కూలుకు తిరిగి వెళ్ళగానే వాళ్ళ ముసలి కోచ్ తలా వంద సర్వీసులు చేయమంటాడు. తెందో అనేవాడు, చిన్నప్పుడు ఎవరూ తమ ఆటలో చేర్చుకోని పిల్లవాడు, తనకు చోటిచ్చిన ఆ కోర్టుకు మనసులోనే సెలవు చెబుతాడు. హీరోల గెలుపు కన్నా నాకు అదే ఎక్కువ గుర్తుంది.

అన్నట్టు, మొదట్లో హైక్యూ హీరో హినత కళ్ళు మూసుకుని కొట్టడం చూసి మా స్కూల్లో ఒకడు ప్రయత్నించాడు. బంతి ముక్కు మీద పడింది. కానీ రెండో సీజన్‌లో హినతే ఇక కళ్ళు మూసుకోనని పట్టుబడతాడు, దానితో అతనికి బంతి అందించే కగెయామాతో పెద్ద గొడవ. హీరో తన అద్భుతశక్తిని తానే వద్దనుకునే సిరీస్‌లు ఎన్నున్నాయి?

ఇప్పుడు నీ బ్లూ లాక్ సంగతికి వద్దాం. మూడు వందల మంది ఫార్వర్డులను ఒకచోట పెట్టి, బయటికి పోయినవాడు ఇక జన్మలో జపాన్ జెర్సీ వేసుకోకూడదన్నది అక్కడి షరతు. మొదటి ఎపిసోడ్‌లోనే దేశం గొప్పగా చెప్పుకునే కిరా అవుటైపోతాడు. ఆ దెబ్బ బాగా తగిలింది, ఒప్పుకుంటాను. ఓడినవాణ్ణి వెనక్కి తిరిగి చూడకపోవడమే ఆ కథ సిద్ధాంతం, కాబట్టి తప్పు పట్టలేను. కానీ ఒకరి తర్వాత ఒకరు అలా మాయమైపోతుంటే, కొన్నాళ్ళకు ఎవరు పోయినా మనకు దిగులుండదు. మొదటి సీజన్‌లో ఆ లోటును వేగం కప్పింది. 2024లో వచ్చిన పద్నాలుగు ఎపిసోడ్ల రెండో సీజన్‌లో, అండర్-20 జట్టుతో మ్యాచ్‌లో, బొమ్మలు కదలడం తగ్గి నిలిచిపోయిన చిత్రాల మీద మాటలు పెరిగాయి. వేగమూ పోయాక నువ్వు ఆపెయ్యక ఏం చేస్తావు?

అయితే బొమ్మ కదలకపోవడమే నేరం అనుకోకు. దెజాకి ఒసాము అనే దర్శకుడు 1970లో అషితా నో జో తీశాడు, బాక్సింగ్ కథ. సరిగ్గా భావం తారస్థాయికి వెళ్ళిన క్షణంలో బొమ్మను ఆపేసి, చేత్తో రంగులద్దిన చిత్రంలా మార్చెయ్యడం ఆయన ముద్ర. డబ్బూ సమయమూ తక్కువైన టీవీ రోజుల్లో పుట్టిన పద్ధతే అయినా, ఎక్కడ ఆపాలో తెలిసి ఆపేవాడు. బంతి గోల్‌లోకి పోతుందా లేదా అనే చోట కదలిక కావాలి, పోయాక గోలీ ముఖం మీద ఆగినా ఫరవాలేదు. ఇక నుంచి బొమ్మ ఆగిన ప్రతిసారీ ఆ తేడా చూడు.

అదే కథలో రికిఇషి అనే బాక్సర్ హీరో జోతో తలపడటం కోసం తిండీ నీళ్ళూ మానేసి బరువు తగ్గించుకుంటాడు. ఆ పోటీ తర్వాత చనిపోతాడు. యానిమేకు మూలమైన మాంగాలో (బొమ్మల కథల పుస్తకంలో) అది అచ్చయినప్పుడు, 1970 మార్చిలో, టోక్యోలో వాడికి నిజంగా అంత్యక్రియల సభ పెట్టారు. ఉన్నాడో లేడో కాదు, లేనేలేని మనిషికి సుమారు ఏడు వందల మంది వచ్చి నివాళులర్పించారు. ప్రత్యర్థిని అంతలా ప్రేమించగలిగితేనే ఆ రింగులో పడే దెబ్బకు బరువుంటుంది.

ఫైటింగ్ సిరీస్‌లకూ ఇదే కొలబద్ద. నింజాల కథ నరుటోలో రాక్ లీ, గారా పోటీ నీకు కంఠతా వచ్చు. మంత్రాలు రాని లీ, కాళ్ళకు కట్టుకున్న బరువులు విప్పి పడేసినప్పుడు నేల పగిలిపోతుంది. అంతా చేసి ఓడిపోతాడు, చెయ్యీ కాలూ నలిగిపోయి, స్పృహ లేకుండానే లేచి నిలబడతాడు. ఆ ఓటమి ఆ సిరీస్‌లోని చాలా గెలుపుల కన్నా ఎత్తున ఉంది. నేజీ అనే మరో నింజాతో పోరులో నరుటో చెప్పిందీ అదే: పుట్టుకతో రాత ఖాయం కాదని. తీరా చూస్తే నరుటో నాలుగో హొకాగే (ఊరి నింజాల పెద్ద) కొడుకు, ఆపైన ఎప్పటివాడో అషురా మళ్ళీ పుట్టినవాడు. కష్టపడ్డ లీ ఏమో గుంపులో ఒకడైపోయాడు. చివరి భాగం చూస్తుంటే ఏదో చప్పగా ఉందన్నావే, అది ఫైట్ల లోపం కాదు. ఓడినవాడికి ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదు, అంతే. పనిలో పనిగా, మీ తమ్ముడు నరుటో మొదలుపెడితే మొదటి సిరీస్‌లో 136వ ఎపిసోడ్ నుంచి 220 దాకా దాదాపు అంతా మాంగాలో లేనిదేనని చెప్పు. దాటేసినా నష్టం లేదు.

సాగదీత గురించీ అడిగావు. డ్రాగన్ బాల్ జీలో నామెక్ గ్రహం అయిదు నిమిషాల్లో పేలిపోతుందని విలన్ ఫ్రీజా అంటాడు, ఆ అయిదు నిమిషాలు దాదాపు పది ఎపిసోడ్లు నడుస్తాయి. మాంగా వారానికొక భాగం వస్తుంటే యానిమే దాని మడమలు తొక్కుతూ నడిచేది. ముందుకెళ్ళడానికి కథ లేక మజ్జిగలో నీళ్ళు పోసినట్టు చూపులూ కేకలూ పోశారు. ఇప్పటి సిరీస్‌లు సీజన్లుగా రావడం వల్ల ఆ బాధ చాలా తగ్గింది. కానీ తెర మీది కాలం సాగితేనే సాగదీత అనుకుంటే హంటర్ హంటర్ (2011 నాటిది) నీకు అర్థం కాదు. అందులో చీమల రాజు కోట మీద దాడి చేసే కొద్ది నిమిషాలను కూడా బోలెడు ఎపిసోడ్లు చూపిస్తారు, వెనక నుంచి వ్యాఖ్యాత చెబుతూనే ఉంటాడు. అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. ఎందుకంటే ప్రతి క్షణంలోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వస్తుంది. నోవ్ అనే ఆరితేరినవాడు ముందుగా లోపలికి వెళ్ళి, అక్కడి శత్రువు శక్తిని తాకిన భయానికే జుట్టు నెరిసి, మళ్ళీ అడుగు పెట్టలేకపోతాడు. ఒక్క దెబ్బ తినకుండా ఓడినవాడు! అదే సిరీస్‌లో కురపికా తన గొలుసును ఒక్క ముఠా మీదే వాడతాననీ, మరొకరి మీద వాడితే తన ప్రాణం పోవాలనీ షరతు పెట్టుకుని బలం సంపాదిస్తాడు. బలానికి ధర ముందే చెప్పేశారు. అవసరం పడ్డాక హఠాత్తుగా కొత్త శక్తి ఊడిపడే కథలతో పోల్చి చూడు. కురోకో బాస్కెట్‌బాల్‌లో నాకు వచ్చిన చిక్కు అదే. మిదొరిమా అనే ఆటగాడు కోర్టు ఈ కొస నుంచి ఆ కొసకు బుట్టలో వేస్తాడు. నేను దాన్ని నిక్కర్లేసుకున్న ఫైటింగ్ సిరీస్‌గా చూసి బాగానే ఆనందించాను, బాస్కెట్‌బాల్‌గా మాత్రం చూడలేదు.

డీమన్ స్లేయర్ నీకు ఇష్టం కాబట్టి జాగ్రత్తగా రాస్తాను. చచ్చిపోయే రాక్షసుడికి మనిషిగా ఉన్నప్పటి కథ చెప్పడం మంచి సంప్రదాయం. రుయి అనే రాక్షసుడి దగ్గర నేనూ కరిగాను. కానీ ప్రతి రాక్షసుడికీ తల తెగాకే గతం గుర్తొస్తుంటే, అది మొక్కుబడి అవుతుంది. అందులోని ముగెన్ ట్రెయిన్ భాగం ఎందుకు అంత బలంగా నిలిచిందంటే అక్కడ ఓడినవాడు మనవాడు. రాక్షసులను వేటాడే రెంగొకు చనిపోతాడు, రైలులో ప్రయాణికులు ఒక్కరూ పోరు. అతణ్ణి చంపి పారిపోతున్న రాక్షసుడు అకజా మీద హీరో తంజిరో గొంతు చించుకుని అరిచేది అందుకే. ఇదే కథలోని ఇన్ఫినిటీ కాజిల్ సినిమా 2025 సెప్టెంబరులో తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది కదా, అందులో అదే అకజా గతం చాలాసేపు నడుస్తుంది. నువ్వు ఏడ్చావట, మీ తమ్ముడు పాప్‌కార్న్ కోసం బయటికెళ్ళాడట. ఇద్దరి మాటా సబబే.

వన్ పంచ్ మ్యాన్ మాత్రం ఎప్పుడూ నవ్వులాట అని కొట్టిపారెయ్యకు. హీరో సైతమా ఒక్క గుద్దుతో గెలుస్తాడు కాబట్టి గెలుపులో కథే లేదు. ఉన్న కథంతా సైకిల్ మీద తిరిగే ముమెన్ రైడర్‌ది. సముద్ర రాజుతో గెలవలేనని తెలిసీ వానలో ఎదురు నిలబడతాడు. తర్వాత జనం ఓడినవాళ్ళను వెక్కిరించబోతే, సైతమా ఆ చెడ్డపేరు కావాలని తన మీద వేసుకుంటాడు. ఆ మొదటి సీజన్ (2015) మ్యాడ్‌హౌస్ స్టూడియో చేసింది. 2019లో రెండోది జె.సి. స్టాఫ్‌కు వెళ్ళాక బొమ్మల్లో ఆ జీవం తగ్గింది. సీజన్ మారినప్పుడు స్టూడియో, దర్శకుడు మారారేమో చూసుకోవడం రెండు నిమిషాల పని, ఆశ ఎంత పెట్టుకోవాలో ముందే తెలుస్తుంది.

ఇక నీకు ఇప్పుడు కావాల్సింది. పెద్ద సిరీస్ ఏదీ ఎత్తుకోకు. 2014లో యుఆసా మసాఅకి తీసిన టేబుల్ టెన్నిస్ కథ పింగ్ పాంగ్ చూడు, పదకొండు ఎపిసోడ్లే. గీతలు వంకరగా, ముఖాలు సాగిపోయి, మొదట ఇదేం బొమ్మలు మామయ్యా అంటావు. రెండు ఎపిసోడ్లు ఓర్చుకో. చైనాలో చోటు దక్కక జపాన్‌కు వచ్చి ఆడుతున్న కాంగ్ మీద కన్నేసి ఉంచు. అందరికన్నా ఎక్కువ సాధన చేసినా ప్రతిభ లేని సకుమా మీద కూడా. వాళ్ళిద్దరూ ఓడిపోతారని చెప్పేస్తున్నాను, చెప్పినా నీకేమీ తగ్గదు.

దాని తర్వాత హైక్యూ మూడో సీజన్. 2024లో వచ్చిన నెకోమా జట్టుతో మ్యాచ్ సినిమా దానికి ముందు చూడకు, నాలుగో సీజన్ కూడా అయ్యాకే. అందులో చివరి పాయింట్ ఎలా పోతుందో చూసినప్పుడు, చెమట పట్టిన అరచేతులతో ఎప్పుడైనా బంతి పట్టుకుని ఉంటే నీకు తెలుస్తుంది.

బాస్కెట్‌బాల్ కథ స్లామ్ డంక్ మాత్రం నాకు వదిలెయ్యి. 1993 నుంచి 1996 దాకా వచ్చిన 101 ఎపిసోడ్లు అసలైన మ్యాచ్, సన్నో జట్టుతోది, రాకముందే ఆగిపోయాయి. ఆ మ్యాచ్ కోసం అభిమానులు 2022 దాకా ఎదురుచూశారు, చివరికి మాంగా గీసిన ఇనొఉఎ తకెహికోనే సినిమాగా తీశాడు, అదీ హీరో సకురాగి వైపు నుంచి కాదు, అతని జట్టులోని మియాగి వైపు నుంచి. సంక్రాంతి సెలవులకు నువ్వొచ్చాక ఇద్దరం కూర్చుని ముందు సిరీస్‌లో కొంచెం చూద్దాం. సకురాగి మూలన నిలబడి డ్రిబ్లింగ్ చేసే ఎపిసోడ్లు దాటవెయ్యనివ్వను, నాకు అవే ఇష్టం. ఆ తర్వాత సినిమా. అప్పటిదాకా మాంగా ఆఖరి పేజీలు నెట్‌లో వెతకొద్దు, మీ తమ్ముణ్ణి చెప్పనివ్వొద్దు కూడా. వాడికి తెలుసు.

ఇట్లు,
మీ మామయ్య