యాదగిరి 'ఎరిక్' అయితే తప్పా?

ప్రశ్న: మా అబ్బాయి యాదగిరి హైదరాబాద్‌లో అమెరికా కాల్ సెంటర్‌లో చేరాడు. రాత్రంతా ఫోన్లో 'ఎరిక్' అని చెప్పుకుంటాడట. గుట్ట నరసింహస్వామికి మొక్కి పెట్టుకున్న పేరు. బాధగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది.
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: అమ్మా, నాకూ ఈ పద్ధతి నచ్చదు. అవతలివాళ్ల నోరు తిరగదని మన పిల్లలు పేరు మార్చుకోవడమేంటి? కానీ ఇది కొత్తదేం కాదు, మన దేశంలో కాల్ సెంటర్లు మొదలైన రోజుల నుంచీ ఉంది. ఆ పేరు ఫోన్ వరకే. అపాయింట్‌మెంట్ లెటర్, పీఎఫ్, జీతం ఖాతా అన్నీ యాదగిరి పేరు మీదే ఉండాలి. అవి తప్పకుండా చూడండి.

అసలు భయపడాల్సింది వేరే. పేరుతో పాటు ఉద్యోగం కూడా మార్చి చెప్పమంటున్నారా? 'అమెరికా పన్ను అధికారిని, డబ్బు కట్టకపోతే అరెస్టు చేస్తాం' అనమంటే అది పచ్చి మోసం. 2016లో ముంబై పక్కన మీరా రోడ్‌లో ఇలాంటి కాల్ సెంటర్లపైనే పోలీసులు దాడి చేశారు. యజమానులతో పాటు, ఫోన్లు మాట్లాడిన కుర్రాళ్లూ కేసుల్లో ఇరుక్కున్నారు. ఏం అమ్ముతున్నారో, డబ్బు ఎలా కట్టించుకుంటున్నారో వాడినే అడగండి. డబ్బుకు బదులు గిఫ్ట్ కార్డుల (ముందే డబ్బు కట్టి కొనుక్కునే కార్డులు) నంబర్లు చెప్పించుకుంటున్నామంటే అదీ మోసమే, ఆ నెల జీతం పోయినా సరే, వెంటనే మానిపించండి.