మలుపులో గరగరమంటే స్టీరింగ్ ర్యాక్ మార్చేయాలా?

మీరు రాసింది ఇదీ: ఉండేది కడపలో, ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. పార్కింగ్‌లో, యూ టర్న్‌లో స్టీరింగ్ బాగా తిప్పితే ముందు చక్రాల దగ్గర గరగరమంటోంది. మెకానిక్ చూసి ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను పక్కకు తిప్పే భాగం) మార్చాలన్నాడు.

ఇప్పుడే మార్పించకండి. ర్యాక్ అరిగితే ఎక్కువగా గుంతల్లో టకటక కొడుతుంది, స్టీరింగ్ వదులుగా ఆడుతుంది. గరగరకు వేరే కారణాలే ఎక్కువ. నేనూ ఇట్లే ఒకరి మాట పట్టుకుని 1,900 రూపాయలు పోసి బ్రేక్ ప్యాడ్లు వేయించాను. శబ్దం మాత్రం అట్లే ఉండింది.

నాది 2013 మోడల్ డీజిల్ కారు. అత్తగారిది రాయచోటి కాబట్టి నెలకు రెండుసార్లయినా గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగాల్సిందే. ఆ ఘాట్‌లో కుడివైపు మలుపు వచ్చిన ప్రతిసారీ ఎడమ ముందు చక్రం దగ్గర బర్రుమని, గింజలు వేయని పిండిమర తిరిగినట్టు చప్పుడు. ఎడమకు తిప్పితే మాయం. దాని అర్థం నాకు తెలియలేదు. గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగినప్పుడు దిగి టైరును రెండుసార్లు తన్ని చూశాను. మనకు తెలిసిన వైద్యం అదే కదా!

తర్వాత కడపలోనే ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకుపోయాను. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. ‘ఎటు తిప్పితే వస్తాది సార్? బండి నిలబెట్టి తిప్పినా వస్తాదా, పోతాంటేనే వస్తాదా?’ అని అడిగాడు. చెప్పాను. ‘కుడికి తిప్పితే బరువంతా ఎడమ చక్రం మీద పడతాది. ఆ పక్క బేరింగ్ పోయింటాది’ అన్నాడు. జాకీ వేసి, కింద స్టాండు పెట్టి, నా చెయ్యి స్ప్రింగు మీద పెట్టించి చక్రాన్ని చేత్తో తిప్పాడు. ఇసుక మీద రాయి దొర్లినట్టు సన్నటి వణుకు. కుడి చక్రానికి అదేం లేదు. ఆ తేడా చేతికి తెలిశాక ఇంక అనుమానం మిగల్లేదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కూడా కొంచెం ఆడింది. బేరింగ్, కూలి కలిపి 3,600 అయింది. ఒక్క మాట, బేరింగ్‌ను ప్రెస్ మిషన్ మీదే ఎక్కించమనండి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే కొత్తదీ తొందరగానే పోతుంది.

కథ అక్కడితో అయిపోలేదు. ఇంటికి వస్తూ ఏడు రోడ్ల దగ్గర తిప్పగానే ఇంకో శబ్దం, సన్నగా, రేకు గీరినట్టు. మళ్లీ టెన్షన్. వెనక్కి పోతే ఆయన నవ్వి, చక్రం విప్పి, బ్రేక్ డిస్కు వెనకాల ఉండే పల్చటి రేకును స్క్రూడ్రైవర్‌తో ఇవతలికి వంచాడు. బేరింగ్ విప్పేటప్పుడు అది వంగి డిస్కుకు తగులుతోందట. రెండు నిమిషాల పని, డబ్బులు తీసుకోలేదు. ఆ రేకుకూ డిస్కుకూ మధ్య చిన్న కంకర రాయి ఇరుక్కున్నా ఇదే చప్పుడు వస్తుంది. ఎర్రగుంట్ల వైపు బండల క్వారీల దారుల్లో తిరిగే బండ్లకు ఇది మామూలే. ఖాళీ చోట నాలుగు గజాలు రివర్స్ నడిపి చూడండి, ఒక్కోసారి రాయి దానంతటదే రాలిపోతుంది.

మీ విషయానికొస్తే, మీకు శబ్దం నెమ్మదిగా పోతూ పూర్తిగా తిప్పినప్పుడే వస్తోంది. బేరింగ్ అయితే వేగంలో, వంపుల్లో ఎక్కువగా మోగుతుంది. అందుకే ముందు సీవీ జాయింట్‌ను చూస్తాను, అంటే ఇంజన్ బలాన్ని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్టు చివర ఉండే మడత కీలును. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, చక్రం వెనకాల టార్చి వేయండి. జాయింటుకు తొడిగిన రబ్బరు బూటు చిరిగి, గ్రీజు చక్రం లోపలి వైపు నల్లగా చిమ్మి ఉందంటే దుమ్ము లోపలికి పోయినట్టే. ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా నడిపినప్పుడు టకటక వస్తే జాయింట్ మార్చాల్సిందే. బూటు మాత్రమే చిరిగి శబ్దం లేకపోతే, శుభ్రం చేసి కొత్త బూటు, గ్రీజు వేయిస్తే సరిపోతుంది.

బండి కదలకుండా నిలబెట్టి తిప్పినా గరగరమంటే బేరింగ్‌నూ జాయింట్‌నూ పక్కన పెట్టండి. బానెట్ ఎత్తి, సస్పెన్షన్ పైకొస దగ్గర చెయ్యి పెట్టి ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమనండి. చేతికి కటకట తగిలితే స్ట్రట్ మౌంట్, అంటే ఆ పైకొసను బండి బాడీకి పట్టి ఉంచే భాగం, అరిగింది. ఆయిల్‌తో పనిచేసే పాత రకం పవర్ స్టీరింగ్ అయితే డబ్బాలో ఆయిల్ తగ్గినా మూలుగుతుంది. ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కు ఆ డబ్బానే ఉండదు, ‘స్టీరింగ్ ఆయిల్ పోశాను’ అని బిల్లు రాస్తే నమ్మకండి. ఈమధ్య లావు టైర్లు వేయించి ఉంటే లోపలి ప్లాస్టిక్‌కు రాసుకుంటుందేమో చూడండి, టైరు అంచు మీద గీతలు కనిపిస్తాయి.

బ్రేకు తొక్కినప్పుడు కూడా ఇనుము ఇనుముకు రాసుకున్నట్టు గీరితే మాత్రం ఇవన్నీ ఆపి, ముందు ప్యాడ్లు చూపించండి. అంతవరకు ఘాట్ ఎక్కకండి.

నిలబెట్టి తిప్పితే వస్తుందా రాదా, ఏ పక్కకు ఎక్కువ అనే రెండూ చూసి ఇక్కడే రాయండి. ర్యాక్ సంగతి అప్పుడు మాట్లాడదాం.