మూడు నెలలు దాటిన ఫిర్యాదు తీసుకుంటారా?

ప్రశ్న: ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌ రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. మొత్తం ఎనిమిది మందిమి. యజమాని రాత్రిళ్ళు అసభ్యంగా మెసేజ్‌లు పెట్టేవాడు, ఒప్పుకుంటే జీతం పెంచుతాననేవాడు. చివరి మెసేజ్ సెప్టెంబరు 20న వచ్చింది. అక్టోబరులో అమ్మకు పక్షవాతం వస్తే విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్ళి, డిసెంబరు చివరిదాకా అక్కడే ఉన్నాను. ఇప్పుడు ఫిబ్రవరి. మూడు నెలలు దాటింది కాబట్టి ఫిర్యాదు చెల్లదంటున్నారు. నిజమేనా?

జవాబు: అమ్మా, ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే చెల్లుతుంది. కానీ మార్చి 20 దాటనివ్వకండి, వీలైతే ఈ వారమే ఇవ్వండి.

పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టంలో 9వ సెక్షన్ ప్రకారం ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. వరుసగా జరిగితే చివరి ఘటన నుంచి లెక్క. ఆ గడువులో ఇవ్వలేని పరిస్థితి ఉందని నమ్మితే, కారణాలు రాసిపెట్టి, ఫిర్యాదు విచారించే కమిటీ ఇంకో మూడు నెలల దాకా పొడిగించవచ్చు. అంతకుమించి పొడిగించే అధికారం కమిటీకి లేదు. కోల్‌కతాలోని ఒక లా యూనివర్సిటీ అధ్యాపకురాలు 2023 ఏప్రిల్‌ నాటి ఘటనపై డిసెంబరులో ఫిర్యాదు చేస్తే, గడువు దాటిందని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత తనను ఒక పదవి నుంచి తప్పించడం కూడా వేధింపేనన్న ఆమె వాదన నిలబడలేదు. అందుకే ఆ తర్వాత జీతం కోశారనో డ్యూటీ మార్చారనో తేదీని ముందుకు జరుపుకోవచ్చనుకోకండి. దానికీ వేధింపుకీ లంకె చూపించగలిగితేనే పనికొస్తుంది.

మీ కేసుకు ప్రాణం ఆలస్యానికి మీరిచ్చే కారణంలోనే ఉంది. ఫిర్యాదుతో పాటు ఆలస్యాన్ని మన్నించమని విడిగా ఒక అర్జీ పెట్టండి. "ఇంటి ఇబ్బందుల వల్ల" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. అమ్మగారిని ఏ రోజు చేర్చారు, ఎప్పుడు డిశ్చార్జ్ చేశారు, జనవరిలో ఎందుకు ఇవ్వలేకపోయారు, అన్నీ తేదీలతో రాయండి. ఆసుపత్రి కాగితాలు, రైలు టికెట్లు ఉంటే జతచేయండి. ఉద్యోగం పోతుందన్న భయంతో ఆగితే అదీ రాయండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మెసేజ్‌ల ప్రింట్లు జతచేయండి, ఫోన్‌లో మాత్రం ఏదీ చెరపకండి.

పది మంది కంటే తక్కువ ఉన్నచోటా, యజమానిపైనే ఆరోపణ ఉన్నప్పుడూ ఫిర్యాదు జిల్లా లోకల్ కమిటీకే వెళ్తుంది. రాయగడ దాకా వెళ్ళలేకపోతే మీ మునిసిపాలిటీ లేదా బ్లాక్‌ నోడల్ అధికారికి ఇవ్వవచ్చు, ఆయన ఏడు రోజుల్లో కమిటీకి పంపాలి. ఆరు కాపీలు కావాలి. ముట్టినట్టు సంతకం, తేదీ తప్పకుండా తీసుకోండి. మన వైపు చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. జిల్లా న్యాయసేవా సంస్థలో మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, వారితో రాయించుకోండి.

పోలీసు కేసు దారి వేరు. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద లైంగిక కోరిక తీర్చమని అడగడానికి మూడేళ్ళ దాకా శిక్ష ఉంది, దానిపై కోర్టు కేసు స్వీకరించే గడువూ మూడేళ్ళే. అసభ్య వ్యాఖ్యలకు మాత్రం శిక్ష, కేసు గడువు రెండూ ఒక్కో ఏడాదే. ఆ గడువు దాటినా, ఆలస్యానికి సరైన కారణం కనిపిస్తే లేదా న్యాయం కోసం అవసరమనిపిస్తే కేసు స్వీకరించే విచక్షణ మేజిస్ట్రేటుకు ఉంది. కమిటీకి లేని వెసులుబాటు ఇది. రెండు దారుల్లోనూ ఒకేసారి వెళ్ళవచ్చు.