అక్షరాల పాటలు రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

ఆశీస్సులు. నీ పాటల కట్ట అందింది. రాత్రి భోంచేసి తీరిగ్గా చదువుదామని తీశాను. మొదటి పాట నెత్తిమీదే "ట్వింకిల్ ట్వింకిల్ బాణీలో పాడుకోవాలి" అని రాశావు చూడు, అక్కడితో నిద్ర ఎగిరిపోయింది. ఉత్తరం కాస్త ఘాటుగా ఉంటే ఏమనుకోకు.

ఆ బాణీ ఎందుకు పట్టుకున్నావో తెలుసులే. అ ఆ ఇ ఈ ఉ ఊ ఋ, ఏడు. ఎ ఏ ఐ ఒ ఓ ఔ అం, ఇంకో ఏడు. బాణీలో పాదానికి స్వరాలు ఏడే. కొలతలిచ్చి కుట్టించిన జాకెట్టులా సరిపోయింది. కానీ ఒకసారి గొంతెత్తి పాడు. మొదటి ఆరు స్వరాలూ సమానం, ఏడోది రెట్టింపు. అంటే అకీ ఆకీ ఒకే నిడివి ఇచ్చేశావు. అ సాగుతుంది, లేదా ఆ కుంచించుకుపోతుంది. చివర ఋ కాస్తా ౠ అయి కూర్చుంటుంది. రెండో పాదం చివరి అం ఒక్కటే బతికి బట్టకట్టింది. సున్న చేరాక అది ఎలాగూ గురువే, అంటే పొడుగు అక్షరమే కదా.

ఇంగ్లీషు వాళ్ళకి ఆ బాణీ చెల్లింది. ఏబీసీడీలను దానికి కట్టి 1835లో బోస్టన్‌లో హక్కులు కూడా నమోదు చేయించుకున్నారు. వాళ్ళ పాట నేర్పేది అక్షరాల పేర్లు. హెచ్‌ని ఎంతసేపు లాగినా అది హెచ్చే. మనకలా కాదమ్మా. మన అక్షరానికి పేరూ పలుకూ ఒకటే. నిడివి మారిస్తే అక్షరమే మారిపోతుంది. మెడ మేడవుతుంది, పడు పాడవుతుంది, ఇల ఈలవుతుంది. చదవడం నేర్చుకునే పిల్లకి ముందు చెవిలో ఈ తేడా పడాలి. అది పడకపోతే గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కంటికి ఎన్నిసార్లు చూపించినా ఎక్కదు.

ఇది నాకు ఉత్తినే వచ్చిన పట్టుదల కాదు. క్యాసెట్ల రోజుల్లో ఒకాయన నా పిల్లల పాటలు రికార్డు చేయించాడు. "మెడలో దండ" అని నేను రాస్తే, కీబోర్డు వాయించే ఆయన ట్యూన్ బాగుంటుందని "మే...డలో దండ" అనిపించాడు. అదేంటయ్యా అంటే, "పిల్లల పాటకి ఇన్ని లెక్కలేంటండీ" అన్నాడు. తర్వాత ఒక బడికి వెళ్తే ఒకటో తరగతి పిల్లాడు ఆ పాటకి బొమ్మ వేసి చూపించాడు. రెండంతస్తుల మేడ, దాని చుట్టూ బంతిపూల దండ! వాడి తప్పేముంది, విన్నదే వేశాడు. క్యాసెట్టాయన నాకివ్వాల్సిన డబ్బులు మాత్రం ఇంతవరకూ ఇవ్వలేదు.

అచ్చుల్ని వాటి నిడివి ప్రకారం పలికి చూడు. పొట్టి అక్షరం పలికేంత సేపు ఒక మాత్ర అనుకో. అకి ఒక మాత్ర, ఆకి రెండు, వెరసి మూడు. ఇ ఈ మూడు. ఉ ఊ మూడు. తకిట తకిట తకిట! ఎ ఏ ఐ దగ్గరికొచ్చేసరికి నడక మారి ఐదవుతుంది, తకిట తక. ఒ ఓ ఔ మళ్ళీ అదే. తాళం అక్షరాల్లోనే ఉంటే పరాయి బాణీ ఎందుకు అరువు తెచ్చుకోవడం? చప్పట్లు కొట్టిస్తూ పాడించు. పొట్టి అక్షరానికి చప్పట్లు కొట్టి వదిలెయ్యాలి, పొడుగు అక్షరానికి చేతులు కలిపి ఉంచాలి. బొమ్మలూ వద్దు, బ్యాటరీలూ వద్దు.

మన పాతకాలం గుణింతాన్ని బట్టీ అని ఈసడించడం ఇప్పుడొక ఫ్యాషన్. "కకు గుడిస్తే కి, గుడి దీర్ఘమిస్తే కీ" అని రాగం తీసే పిల్ల ఏం చేస్తోంది? గుర్తు పేరు చెబుతోంది, అది చేరితే పలుకు ఏమవుతుందో చెబుతోంది. ఒక్కటి తెలిస్తే మిగతా హల్లులన్నిటికీ అదే తాళంచెవి. చెడగొట్టింది ఆ పాట కాదు, పలక వైపు చూడకుండా పాడించినవాళ్ళు. టీచరువి, నువ్వూ చూసే ఉంటావు. మధ్యలో చ చూపిస్తే క దగ్గర్నుంచి పాడుకుంటూ వచ్చి చ దగ్గర ఆగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అందుకే ఒక్కో అక్షరం పాడుతుంటే దాని కింద వేలు కదలాలి. రెండోసారి రాగం తీసేసి చదివించాలి. మూడోసారి వెనక నుంచి. నీ కట్టలో ఈ సూచన ఒక్కచోట కూడా లేదు.

వీడియోలు చేయించనా అని అడిగావు. మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో చూపించింది. ధకి కాళ్ళూ చేతులూ పెట్టి గంతులేయిస్తున్నారు. అక్కడితో ఆగకుండా దాని కడుపులో కన్ను కూడా పెట్టారు. ధ కడుపులో చుక్క పెడితే అది థ అవుతుందని ఆ మహానుభావుడికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఋ పాట తీసెయ్. ఐదేళ్ళ పిల్లకి ఋణం, ఋతువు ఎందుకు? ళ పాట మాత్రం ముట్టుకోకు. మాట మొదట్లో రాలేని అక్షరాన్ని కళ్ళలోనూ నీళ్ళలోనూ దాగుడుమూతలు ఆడించావు. చార్టుల్లో ణ కింద వీణ వేసి, పిల్లాడు ణని చూసి "వీ" అంటే తిట్టే వాళ్ళకి ఆ పాట వినిపించాలి. ఏ ఎడిటరైనా "చివర నీతి ఏదీ" అని అడిగితే కాగితాలు తిరిగి తెచ్చేసుకో. ఆ అడుగుడుకి లొంగి ఒక వారపత్రిక పిల్లల పేజీ కోసం చీమల పాటలో కూడా పొదుపు దూర్చాను. ఆ పాట ఇప్పుడు నాకే గుర్తులేదు.

బొమ్మలు ఎవరితో వేయించాలి, ఎన్ని కాపీలు వేయాలి, ఇవన్నీ తర్వాత. ముందు అచ్చుల పాట తిరగరాసి పంపు. వచ్చే నెల నాకు శుక్లాల ఆపరేషన్, ఆ లోపే పంపు. ఈసారి కాస్త పెద్ద అక్షరాలతో రాయి.

ఉంటాను.